బస్టాపులో స్టాటిస్టిక్స్: ఒక సెమిస్టర్ ప్రాజెక్టు డైరీ

జూలై, రెండో వారం

ఈ సెమిస్టర్‌లో నాకు అప్పజెప్పిన పేపరు 'గణాంకాలు – సమాజం'. బీఏ, బీకాం, లైఫ్ సైన్సెస్ పిల్లలు ఎవరైనా తీసుకోవచ్చు. ఇంటర్‌తోనే లెక్కలకు దండం పెట్టేసినవాళ్లే ఎక్కువ. సిలబస్ మామూలుదే: సగటు, మధ్యగతం (అంకెలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యన పడేది), శాంప్లింగ్, సర్వేలు, చార్టులు చదవడం, కొంచెం సంభావ్యత. ఇంటర్నల్స్‌కి ఒక ప్రాజెక్టు ఉంటుంది. ఏటా అదేమవుతుందో అందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపుల్లో ఒక గూగుల్ ఫారం తిరుగుతుంది, సోషల్ మీడియా వాడకం మీద క్లాసువాళ్లే క్లాసువాళ్లకు జవాబులిచ్చుకుంటారు, చివర్లో రంగురంగుల పై చార్టు, స్పైరల్ బైండింగ్. ఈసారి అది వద్దన్నాను. రోడ్డు మీదికి వెళ్లి, నిలబడి, కళ్లతో చూసి లెక్కపెట్టేది ఏదైనా కావాలి.

ఏం లెక్కపెడదామంటే కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. "బస్సు కోసం రోజూ ఎంతసేపు నిలబడ్తున్నమో లెక్కపెడ్దాం మేడం" అంది వెనక బెంచీ అమ్మాయి, విసుగ్గానే. అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే వాదన మొదలైంది. ఉప్పల్ నుంచి వచ్చే అబ్బాయి పది నిమిషాలకో బస్సుంటుందన్నాడు. పటాన్‌చెరు వైపు వెళ్లే అమ్మాయి అరగంటకు తక్కువ ఎన్నడూ నిలబడలేదని ఒట్టేసి చెప్పింది. ఇద్దరూ అబద్ధమాడే పిల్లలు కారు. ఆ తగాదానే ప్రాజెక్టు చేసేశాం.

బోర్డు మీద ప్రశ్న రాశాను: హైదరాబాద్‌లో సిటీ బస్సు కోసం ఒక మనిషి సగటున ఎంతసేపు ఎదురుచూస్తాడు? జవాబు జోలికి వెళ్లకుండా, ఈ ప్రశ్నలో ప్రతి మాటకూ హద్దు గీయమన్నాను. 'హైదరాబాద్' దగ్గరే గంట గడిచిపోయింది. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు. అదే జనగణనలో జీహెచ్‌ఎంసీ పరిధి జనాభా 67 లక్షల పైచిలుకు. ఉప్పల్, కూకట్‌పల్లి, ఎల్‌బీ నగర్ అప్పట్లో రంగారెడ్డి జిల్లా కిందికి వచ్చేవి కాబట్టి మొదటి లెక్కలో లేవు. టీవీలో ఎవరైనా హైదరాబాద్ జనాభా ఇంత అన్నప్పుడు ఏ గీత లోపల అని అడగాల్సిందేనని ఒకబ్బాయి తనంతట తానే అన్నాడు. ఆ మాట నేనే చెప్పాలని నోట్స్‌లో రాసుకుని వచ్చాను, చెప్పే పని తప్పింది.

జూలై, మూడో వారం

స్టాపులు ఎంచుకోవాలి. ఎవరింటి దగ్గరి స్టాపు వాళ్లకు కావాలి, సహజమే. అలా చేస్తే మా క్లాసు పిల్లల ఇళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది తప్ప బస్సుల సంగతి తెలియదు. చీటీలు రాయించాను: కోఠి, అఫ్జల్‌గంజ్, లక్డీకాపూల్, అమీర్‌పేట, ఎర్రగడ్డ, తార్నాక, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం, ఇంకా కొన్ని. వేళలకు విడిగా మరో డబ్బా పెట్టాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం.

మధ్యాహ్నం చీటీ వచ్చిన జట్టు మొహాలు వేలాడేసింది. ఎండ అని బయటికి చెప్పిన కారణం, లంచ్ పోతుందన్నది అసలు కారణం. మార్చుకుంటామన్నారు, కుదరదన్నాను. రెండు గంటల వేళ బస్టాపులో కనిపించే జనమే వేరు. ఆస్పత్రిలో చూపించుకుని వెళ్లేవాళ్లు, నాలుగిళ్లలో పని ముగించుకుని తిరిగొచ్చే ఆడవాళ్లు, షిఫ్టు మారే సెక్యూరిటీ గార్డులు. ఆఫీసు వేళ ఒక్కటే చూసి 'హైదరాబాద్ ప్రయాణికుడు' అని రాసేస్తే వీళ్లందరినీ కొట్టేసినట్టే.

ప్రతి జట్టుకూ ఒక పట్టిక ఇచ్చాను: బస్సు నంబరు, రకం, వచ్చిన నిమిషం, ఆగిందా లేదా. అంతే. ఎక్కువ గళ్లు పెడితే ఏదీ సరిగ్గా నిండదు.

జూలై, నాలుగో వారం

బోనాల హడావుడి తగ్గాక పైలట్, అంటే అసలు లెక్కకు ముందు చిన్న ట్రయల్, మొదలుపెట్టాం. తిరిగొచ్చిన పట్టికల కంటే వాటితో పాటు వచ్చిన పంచాయతీలే బాగున్నాయి.

"బస్సు వచ్చింది" అని ఎప్పుడు రాయాలి? స్టాపు ముందు ఆటోలు బారులు తీరి ఉంటే బస్సు యాభై అడుగులు ముందుకెళ్లి రోడ్డు మధ్యలో ఆగుతుంది. పరుగెత్తగలిగినవాళ్లు ఎక్కుతారు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకు ఆ బస్సు వచ్చినట్టా, రానట్టా? ఒక జట్టు వచ్చినట్టే రాసింది, ఇంకో జట్టు కొట్టేసింది. చర్చించి ఒక నియమం పెట్టుకున్నాం: ఒక్కరు ఎక్కినా, దిగినా ఆగినట్టే లెక్క. ముసలమ్మ విషయం మటుకు ఆ నియమంలో ఇమడలేదని పిల్లలకు తెలుసు. పట్టిక చివర 'గమనికలు' అని ఒక గడి అడిగి మరీ వేయించుకున్నారు.

జట్ల మధ్య తేడాలు ఇలా వస్తుంటే మహలనోబిస్ పద్ధతి గుర్తొచ్చింది. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1930లలో బెంగాల్‌లో జనపనార సాగు ఎంతుందో అంచనా కట్టేటప్పుడు ఆయనొక ఏర్పాటు చేశాడు. ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు శాంపుల్స్ తీసి, రెండు వేర్వేరు బృందాలకు ఇచ్చేవాడు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. చివర రెండూ పక్కపక్కన పెడితే, తేడా ఎంతుందో దాన్నిబట్టి లెక్కలో నమ్మకం ఎంతుండాలో తేలేది. ఫలానావాడు సరిగ్గా చేశాడా అని నిలదీయాల్సిన పని లేదు, అంకెలే చెబుతాయి. మనవాళ్లలో ఒకరి మొహం చూసి ఒకరు అంకెలు దిద్దుకునే అలవాటు బాగా ఎక్కువ కాబట్టి ఈ పద్ధతి మనకే పుట్టిందనిపిస్తుంది నాకు.

మేమూ అదే చేశాం. మెహదీపట్నంలో, తార్నాకలో రెండేసి జట్లు, ఒకటి స్టాపుకు ఈ చివర, ఇంకొకటి ఆ చివర. ఫోన్లు మాట్లాడుకోవద్దన్నది షరతు. తార్నాక జట్ల లెక్కలు దాదాపు కలిశాయి. మెహదీపట్నంవి కలవలేదు. కారణం సులువుగానే దొరికింది. అక్కడ ఒకే నంబరు బస్సులు రెండు వెనకా ముందూ వస్తే ఒక జట్టు రెండుగా రాసింది, మరో జట్టు "అదీ ఇదీ ఒకటే కదా" అని ఒకటే రాసింది. చిన్న సంగతిలా కనిపించింది కానీ, మొత్తం ప్రాజెక్టు ఆ జంట బస్సుల చుట్టే తిరగబోతోందని అప్పటికి పిల్లలకు తెలియదు.

ఆగస్టు, మొదటి వారం

కొందరికి నిలబడి రాసుకోవడం బోరు కొట్టింది. "మనుషుల్నే అడిగేస్తే అయిపోతది కదా మేడం, ఎంతసేపైంది వచ్చి అని" అన్నారు. సరే, ఒక వారం అడిగి చూడమన్నాను. తెలుగులో, హిందీలో, పాతబస్తీ వైపు వెళ్లిన జట్టు దక్కనీలో అడిగింది.

వచ్చిన జవాబులను గ్రాఫ్ షీటు మీద గీస్తే భలే బొమ్మ వచ్చింది. అయిదు, పది, పావుగంట, అరగంట దగ్గర గోపురాలు, మధ్యలో బోసి నేల. ఏడు నిమిషాలు, పదమూడు నిమిషాలు అన్నవాళ్లు దాదాపు లేరు. మన జనగణనలో వయసుల పట్టిక తీసి చూపించాను. అందులోనూ అదే తీరు. 30, 35, 40 దగ్గర జనం ఎగబడి ఉంటారు, 31, 39 దగ్గర పలచబడతారు. పుట్టిన తేదీ కాగితం లేని కాలంలో పుట్టినవాళ్లు గుండ్రటి అంకె చెబుతారు, లేదా ఇంటికొచ్చి వివరాలు రాసుకునే ఎన్యూమరేటరే చూపుతో అంచనా వేసి రాస్తాడు. ఈ కుప్పలు ఎంత ఎత్తున్నాయో కొలవడానికే విప్పుల్ సూచీ అని ఒకటుంది. వయసులు ఎంత నమ్మకంగా నమోదయ్యాయో జనాభా శాస్త్రవేత్తలు దాంతో చూస్తారు.

గోపురాలకంటే లోతైన ఇబ్బంది ఇంకొకటుంది, దాన్ని పిల్లలే పట్టుకోవాలని రెండు క్లాసులు ఆగాను. స్టాపులో మనం ఎవరిని అడగగలం? అక్కడ నిలబడి ఉన్నవాళ్లను. రాగానే బస్సు దొరికిన మనిషి మన చేతికి చిక్కడు. అరగంట నిలబడ్డవాడు చిక్కుతాడు, ఓపిగ్గా జవాబూ చెబుతాడు, పైగా తిట్టుకోవడానికి తోడు దొరికిందని సంతోషిస్తాడు కూడా. అంటే ఎక్కువసేపు నిలబడేవాళ్లే శాంపుల్‌లో ఎక్కువ పడుతున్నారు. రెండోది, వాళ్లు చెప్పేది ఇప్పటిదాకా గడిచిన సమయం, ఇంకెంత ఉందో వాళ్లకే తెలియదు. ఒక పొరపాటు సమయాన్ని పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది. "అయితే రెండూ కొట్టుకుపోతయి కదా" అన్నాడు బీకాం అబ్బాయి. సరిగ్గా కొట్టుకుపోతాయని ఎవరు పూచీ? ఆ పూచీ లేదు కాబట్టే మళ్లీ పట్టిక పుచ్చుకుని నిలబడక తప్పలేదు.

ఆగస్టు, మూడో వారం

19వ తేదీ దగ్గర పడుతోందని సమగ్ర కుటుంబ సర్వే మాట ఎత్తాను. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒక్కరోజులో లెక్కపెట్టారు. బస్సులు, దుకాణాలు, ఆఫీసులు బంద్. ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందని ముందు రోజే జనం సొంతూళ్లకు బయలుదేరారు. ఈ పిల్లలు అప్పటికి పసివాళ్లు, ఇంట్లోవాళ్లను అడిగి రమ్మన్నాను. ఒకమ్మాయి వాళ్ల నాన్న హైదరాబాద్‌లో పదేళ్లుగా ఉంటూ లెక్కకు మాత్రం నల్గొండ జిల్లాలోని ఊరికి వెళ్లాడట. ఆయన్ని ఏ ఊరి మనిషిగా రాయాలి? నగరానికి నీళ్లు, బస్సులు ఎన్ని కావాలో తేల్చాలంటే హైదరాబాద్ మనిషి. భూమి, రేషన్ కార్డు చూస్తే ఊరి మనిషి.

2024 నవంబరులో మొదలైన కులగణన సర్వే వీళ్లకు బాగానే గుర్తుంది. ఇంటి గోడల మీద స్టిక్కర్లు ఇంకా ఉన్నాయి కొన్నిచోట్ల. 96.9 శాతం ఇళ్లు పూర్తయ్యాయని ప్రభుత్వం చెప్పింది, మిగిలినవాళ్లకు 2025 ఫిబ్రవరిలో మళ్లీ అవకాశం ఇచ్చింది. 97కు దగ్గరంటే బ్రహ్మాండమైన మార్కులు. కానీ స్టాటిస్టిక్స్ చదివేవాడు ముందు ఆ మూడు శాతం వైపు చూస్తాడు. వాళ్లు చిట్టీ తీసినట్టు చెల్లాచెదురుగా తప్పిపోయారా, ఒకే రకం మనుషులు తప్పిపోయారా? తాళం వేసిన ఇళ్లు, తలుపు తీయని అపార్ట్‌మెంట్లు, రోజంతా కూలికి పోయిన ఇళ్లు, ఈ మూడూ ఒకటి కావు. దీని మీద క్లాసు వేడెక్కింది, రాజకీయాల్లోకి జారింది, బెల్లు కొట్టారు. మంచిదే అయింది.

సెప్టెంబరు, మొదటి వారం

అసలు లెక్క ఈ వారం తేలింది. రాసి పెట్టుకోవాలి, వచ్చే ఏడాది ఈ క్లాసు మళ్లీ చెప్పాల్సి వస్తే పనికొస్తుంది.

218 నంబరును వరసగా గమనించిన జట్లు రెండున్నాయి. ఒకటి బయలుదేరే చోట కోఠిలో, ఇంకొకటి దారి మధ్యలో ఎర్రగడ్డలో. కోఠి పట్టికలో బస్సుల మధ్య వ్యవధులు ఓ మాదిరి సమానంగా ఉన్నాయి. ఎర్రగడ్డకు వచ్చేసరికి ఆ బస్సులే జంటలు కట్టాయి. చాలాసేపు ఏమీ రాదు, తర్వాత ఒకదాని వెనక ఒకటి. ఎందుకిలా అని పిల్లలు ట్రాఫిక్‌ను తిట్టారు. ట్రాఫిక్ నిప్పురవ్వ మాత్రమే. ముందు బస్సు ఏ సిగ్నల్ దగ్గరో రెండు నిమిషాలు ఆలస్యమైందనుకుందాం. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు. అంతమంది ఎక్కడానికి ఇంకొంచెం సమయం పడుతుంది, ఇంకొంచెం ఆలస్యం. వెనక బస్సుకు జనం తక్కువ, స్టాపులో ఆగేదీ తక్కువ, గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఎవరి తప్పూ లేకుండానే జంట కట్టేస్తాయి. డ్రైవర్లు కూడబలుక్కుని వస్తారని మా క్లాసులో సగం మంది నమ్మకం, అది ఇవాళ్టితో పోయింది. లేదా పోయినట్టు నా ముందు తలూపారు.

ఇప్పుడు బోర్డు మీద ఒక ఊహాజనిత దారి. 20 నిమిషాలకు రెండు బస్సులు. సమంగా వస్తే పది నిమిషాలకొకటి. ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకొచ్చే మనిషి సగటున 5 నిమిషాలు ఆగుతాడు. ఇది అందరూ చెప్పారు. ఇప్పుడు అవే బస్సులు జంట కట్టి, వ్యవధులు 18 నిమిషాలు, 2 నిమిషాలు, 18, 2 అయ్యాయనుకోండి. బస్సుల సంఖ్య మారలేదు. వ్యవధుల సగటూ మారలేదు, ఇప్పటికీ పదే. మనిషి ఎంతసేపు ఆగుతాడు?

"అయిదే కదా" అన్నారు ఏకకంఠంతో.

20 నిమిషాల్లో 18 నిమిషాలు పెద్ద సందులోవే, అంటే రెండు బస్సుల మధ్య పెద్ద వ్యవధిలోవే. కాబట్టి స్టాపుకొచ్చే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆ పెద్ద సందులోనే పడతారు, సగటున 9 నిమిషాలు ఆగుతారు. పదో మనిషి చిన్న సందులో పడి 1 నిమిషం ఆగుతాడు. తొమ్మిది తొమ్మిదులు 81, దానికి ఒకటి కలిపితే 82, పదిమందికి పంచితే 8.2 నిమిషాలు. ఒక్క బస్సు తగ్గలేదు, ఎదురుచూపు మాత్రం 5 నుంచి 8.2కు పోయింది. క్లాసు నిశ్శబ్దమైపోయిందని రాస్తే అతిశయోక్తి, ముగ్గురు నలుగురు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి నన్ను సరిచూశారు. అంతకంటే నాకేం కావాలి.

డిపోలో కూర్చుని బస్సుల వైపు నుంచి సగటు తీస్తే పది నిమిషాలకో బస్సు. స్టాపులో నిలబడి మనుషుల వైపు నుంచి తీస్తే, సగటు మనిషి పడ్డ సందు 16.4 నిమిషాలది (తొమ్మిదిమందికి 18, ఒకరికి 2, కలిపి పదిమందికి పంచితే). ఉప్పల్ అబ్బాయి షెడ్యూలు లెక్క చెప్పాడు, పటాన్‌చెరు అమ్మాయి తన లెక్క చెప్పింది. జూలైలో మొదలైన తగాదాలో ఇద్దరూ గెలిచారు.

ఇదే లెక్క రద్దీకీ వర్తిస్తుంది. ముందు బస్సులో 80 మంది, వెనక బస్సులో 20 మంది. బస్సుకు సగటున 50 మంది, సీట్లు సరిపోయినంత హాయి. కానీ ప్రయాణికులను ఒక్కొక్కరినీ "నీ బస్సులో ఎంతమంది ఉన్నారు" అని అడగండి. ఎనభైమంది 80 అంటారు, ఇరవైమంది 20 అంటారు. వాళ్ల సగటు 68. బస్సు ఖాళీగా వెళ్లిందని సాక్ష్యం చెప్పడానికి అందులో జనమే ఉండరు.

సెప్టెంబరు 10

సి.ఆర్. రావుగారి పుట్టినరోజు. లింగంపల్లి వైపు నుంచి వచ్చే అబ్బాయి రోజూ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఆయన పేరున్న రోడ్డు మీదే వస్తాడు, ఎవరో కాంట్రాక్టరనుకున్నాడట! కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లారు. 1945లో, పాతికేళ్ల వయసులో రాసిన వ్యాసం ఆయనకు 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ తెచ్చిపెట్టింది. ఆ ఏడాదే ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పిల్లలు అప్పటికి కొన్నాళ్లుగా వేధిస్తున్న ప్రశ్నకూ ఆ వ్యాసానికీ చుట్టరికం ఉంది. ఇంకా ఎన్ని బస్సులు చూడాలి మేడం, ఎప్పుడు చాలంటారు? ఉన్న డేటాలోంచి ఎంత కచ్చితత్వం పిండగలమో దానికో హద్దుందని, ఎంత తెలివైన సూత్రం వాడినా ఆ హద్దు దాటలేమని రావుగారు చూపించారు. హరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే చేరుకున్నాడు కాబట్టి క్రామర్–రావు హద్దు అని ఇద్దరి పేరుతో పిలుస్తారు. మాకు కావాల్సిన మేరకు దాని అర్థం ఇది: అనిశ్చితిని సగం చేయాలంటే రెండింతలు చూస్తే చాలదు, నాలుగింతలు చూడాలి. లెక్క విన్నాక నాలుగింతలు చూద్దామని ఎవరూ ముందుకు రాలేదు.

నిమజ్జనం వారం పట్టికలు పక్కన పెట్టాం. దారులు మళ్లిస్తారు, ఆ వారం బస్సులు ఏ మామూలు వారానికీ ప్రతినిధులు కావు. పారేయవద్దన్నాను. కట్టగట్టి పైన పేరు రాసి దాచాం.

సెప్టెంబరు, చివరి వారం

దిల్‌సుఖ్‌నగర్ జట్టు తెచ్చిన సంగతి నేను ఊహించనిది. వాళ్ల పట్టిక ప్రకారం బస్సులు తరచుగానే వస్తున్నాయి. కానీ కొందరు ఆడవాళ్లు వచ్చిన బస్సు ఎక్కకుండా నిలబడే ఉన్నారు. జట్టులోని అమ్మాయి ఒకామెను అడిగింది. "గది డీలక్స్ బిడ్డా, టికెట్ కొనాలె. ఫ్రీ బస్సు కోసం చూస్తున్న" అందామె.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ లేదు, డీలక్స్‌లో కొనాలి. మళ్లీ బోర్డు: బస్సులు కచ్చితంగా పది నిమిషాలకొకటి, ఒకటి విడిచి ఒకటి డీలక్స్ అనుకుందాం. డబ్బు పెట్టి ఎక్కేవాళ్ల ఎదురుచూపు 5 నిమిషాలు. ఉచిత బస్సే ఎక్కాలనుకున్న ఆమెకు వ్యవధి 20, ఎదురుచూపు 10. ఒకే స్టాపు, ఒకే నీడ, రెండు సగటులు. మేం జూలైలో రాసుకున్న ప్రశ్నలో 'ఒక మనిషి' అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదని ఆ అమ్మాయే గుర్తుచేసింది. ఆడవాళ్లు పేదరికం వల్ల ఎక్కువ ఆగుతున్నారని ఒకరు, ఛార్జీ మిగుల్చుకోవడానికి ఇష్టపడే ఆగుతున్నారని ఇంకొకరు. రోజుకు రాను పోను ఛార్జీ మిగిలితే నెలకు గ్యాస్ బండ ఖర్చులో కొంత వస్తుందని మూడో అమ్మాయి. ఈ తగవు మా పట్టికతో తీరేది కాదు, అయినా పట్టిక లేకపోతే తగవే పుట్టేది కాదు.

జీరో టికెట్ల మీద, అంటే ఉచితంగా ఎక్కే మహిళలకు ఇచ్చే సున్నా ఛార్జీ టికెట్ల మీద కూడా మాట నడిచింది. 2025 జూలై నాటికి ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయని ప్రకటించారు. "200 కోట్ల మంది ఆడవాళ్లా?" అని ఎకసెక్కం చేశాడొకడు, 2011లో రాష్ట్రం మొత్తం జనాభా మూడున్నర కోట్లే కదా అని. లెక్కపెట్టింది మనుషులను కాదు, టికెట్లను. ఇంటి నుంచి కోఠికి ఒక బస్సు, కోఠి నుంచి పనికి ఇంకో బస్సు, తిరుగు ప్రయాణంలో మళ్లీ రెండు, ఒక మనిషి రోజుకు నాలుగు. అంకె తప్పేమీ కాదు. దాని పక్కన 'ప్రయాణాలు' అన్న మాట తీసేసి 'మహిళలు' అని పెట్టినప్పుడే తేడా కొడుతుంది. పిల్లలు చార్టుల కింద పేర్లు రాయడంలో చూపే బద్ధకం ఈ ఉదాహరణ తర్వాత కొంచెం తగ్గింది.

దసరా సెలవుల తర్వాత

బతుకమ్మ, దసరా ముగించుకుని సగం క్లాసు తిరిగొచ్చింది, మిగతా సగం ఊళ్ల నుంచి రావాల్సి ఉంది. ఉన్నవాళ్లతో లేనివాళ్ల గురించి మాట్లాడుకున్నాం. అంటే క్లాసులో లేనివాళ్ల గురించి కాదు, పట్టికలో లేనివాళ్ల గురించి. బస్సు కోసం చూసి చూసి విసిగి షేర్ ఆటో ఎక్కినవాళ్లు, మెట్రోకు మారిపోయినవాళ్లు, అప్పు చేసి బండి కొనుక్కున్నవాళ్లు, ఆ దూరం పని వద్దని మానేసినవాళ్లు. స్టాపులో మిగిలినవాళ్లు భరించగలిగినవాళ్లు, లేదా వేరే దారి లేనివాళ్లు.

ఇక్కడ ఏబ్రహాం వాల్డ్ కథ చెప్పాలి, తప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీద తూటా దెబ్బలు ఎక్కడున్నాయో చూసి ఎక్కడ కవచం బిగించాలో తేల్చే సమస్య. తిరిగిరాని విమానాల దెబ్బలు మన కంటికి కనిపించవు కాబట్టి, తిరిగొచ్చినవాటి మీద దెబ్బలు లేని చోటే ప్రమాదం ఎక్కువని ఆయన లెక్క. వాల్డ్ 1950 డిసెంబరులో మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలో భార్యతో సహా చనిపోయాడు. విమానాల మీద అంత పని చేసిన మనిషి విమానంలోనే పోవడం విని పిల్లలు అయ్యో అన్నారు. నేను చెప్పదలచిన పాయింటు ఆ అయ్యోలో కొంత కొట్టుకుపోయింది, ఏం చేస్తాం.

పాయింటు వాళ్లకు అందిందని ఒకబ్బాయి వేసిన ప్రశ్నతో తెలిసింది. బస్సులు బాగుపడితే ఆటోల్లో పోయినవాళ్లు తిరిగి స్టాపుకొస్తారు కదా, అప్పుడు రద్దీ పెరిగి ఎదురుచూపు ఎక్కువైనట్టు మన పట్టికలో కనిపిస్తుంది, మరి బస్సులు బాగుపడినట్టా చెడినట్టా? జవాబు నేను చెప్పలేదు, ప్రాజెక్టు రిపోర్టులో ఆఖరి అధ్యాయం నీదే అన్నాను.

నవంబరు, మొదటి వారం

వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పోస్టర్లు చూసి, మంచి పని అని, వెంటనే అడగాల్సిందే అడిగాడు: "ఇంతకీ ఎన్ని నిమిషాలమ్మా? ఒక్క అంకె చెప్పండి." పటాన్‌చెరు అమ్మాయి వంతు. "ఎవరికి సార్?" అంది. కొంచెం పొగరుగా వినిపించిందేమోనని నాకు భయమేసింది. ఆయన నవ్వి, సరే కోఠిలో మగవాళ్లకు అన్నాడు. "పొద్దునా, సాయంత్రమా?" అని మళ్లీ అడిగింది. మార్కులు వేశాడు.

రిపోర్టులో సగటుతో పాటు మధ్యగతం, పదిమందిలో ఎక్కువసేపు నిలబడ్డ ఒకరు ఎంత నిలబడ్డారన్న అంకె, మూడూ స్టాపులవారీగా ఇచ్చాం. మొత్తం నగరానికి కలిపి ఒక అంకె ఇవ్వలేదు. ఇవ్వాలని ఒక జట్టు గట్టిగానే పట్టుబట్టింది, పేపర్లో వస్తుందని ఆశ. మా శాంపుల్ కొన్ని స్టాపులది, చీటీల్లో రాసిన పేర్లే నేను ఎంచినవి, దాన్ని నగరం నెత్తిన రుద్దడానికి ఒప్పుకోలేదు.

వచ్చే సెమిస్టర్ పట్టికకు రెండు గళ్లు పెరిగాయి: 'ఎక్కకుండా వదిలేసిన బస్సులు', 'స్టాపు నుంచి ఆటో ఎక్కి వెళ్లినవాళ్లు'. బస్సులు చాలు, ఇంకేదైనా చూద్దామని జూనియర్లు అప్పుడే అడుగుతున్నారు. ఆస్పత్రి ఓపీ లైను పెడదామనుకుంటున్నాను. ఏదో ఒక రోజు వార్డులోకి వెళ్లి పడకల మీద ఉన్నవాళ్లను ఎన్నాళ్లయిందని అడిగితే దీర్ఘరోగులే ఎక్కువ తగులుతారు, ఇదే లెక్క అక్కడా ఉంది. అయితే రోగులను పలకరించాలంటే అనుమతి కావాలి, వాళ్ల సమ్మతి కావాలి, పేర్లు రాయకుండా పట్టిక తయారు కావాలి. సూపరింటెండెంటుకు ఇవ్వాల్సిన దరఖాస్తు చిత్తుప్రతి టేబుల్ మీదుంది, సోమవారం ప్రిన్సిపాల్ సంతకం పెట్టించాలి.